కేసు కొట్టేశారు, అనుమానం మాత్రం అట్నే పెట్టారు

ముద్దాయిని వదిలేసిన క్రిమినల్ జడ్జిమెంటు ఏదైనా ఒకటి తీసుకోండి, మొదట్నుంచీ చదవబాకండి, నేరుగా ఆఖరి పేజీకి పోండి. ఎక్కువ భాగం ఒకే రకం వాక్యం ఉంటాది. ప్రాసిక్యూషన్ నేరాన్ని సందేహానికి తావు లేకుండా రుజువు చేయలేకపోయింది, కాబట్టి ముద్దాయికి బెనిఫిట్ ఆఫ్ డౌట్ ఇచ్చి విడుదల చేస్తున్నాం అని. నేను తిరుపతి కోర్టు దగ్గర డీటీపీ సెంటర్లో పిటిషన్లు టైప్ చేస్తుంటా, బెయిల్ పిటిషన్లు, అఫిడవిట్లు, సర్టిఫైడ్ కాపీల జెరాక్సులు, పొద్దున షట్టర్ తీసినప్పట్నుంచి ఇదే పని, కాబట్టి ఈ వాక్యం నా వేళ్ళకి అలవాటైపోయింది, స్క్రీన్ చూడకుండా కొట్టేస్తా.

ఈ వాక్యంలో ఏదో మెలిక ఉందని నాకు తట్టింది మాత్రం మా దూరపు చుట్టం ఒకాయన వల్ల. చంద్రగిరి పక్కన పల్లె వాళ్ళది. ఊరి జాతరలో కొట్లాట జరిగి ఐదుగురి మీద కేసు పెట్టినారు, ఈయన కొడుకు అందులో ఏ4, అంటే నాలుగో ముద్దాయి. పాత ఐపీసీలో సెక్షన్ 324, అంటే ఆయుధంతో గాయం చేయడం. తర్వాత ఊరి పెద్దలు రెండు పక్కలోళ్ళనీ కూర్చోబెట్టి రాజీ చేసేసినారు గానీ 324 అనేది కోర్టులో రాజీకి పనికొచ్చే సెక్షన్ కాదు. విచిత్రం ఏందంటే ఎముక విరిగేంత దెబ్బకి పెట్టే 325కి జడ్జి పర్మిషన్ తో రాజీ పడొచ్చు, దానికంటే చిన్న శిక్ష ఉండే 324కి మాత్రం కుదరదు. మరి ఊర్లో రాజీ అయిపోయినోళ్ళు ఏం చేస్తారు, సాక్షులంతా బోనులోకి వచ్చి నేను చూడలా, పోలీసులు ఏం రాసుకున్నారో నాకు తెలీదు అంటారు, హాస్టైల్ అని రాసుకుంటారు, కేసు పోతాది. అట్నే పోయింది. పిల్లోడు తర్వాత కానిస్టేబుల్ సెలక్షన్లో పాసైనాడు, అటెస్టేషన్ ఫారంలో కేసు సంగతి నిజాయితీగానే రాసినాడు, జడ్జిమెంటు కాపీ కూడా జత చేసినాడు, అయినా పైనుంచి నోటీసొచ్చింది, నిన్ను వదిలేసింది బెనిఫిట్ ఆఫ్ డౌట్ మీద, నువ్వు గౌరవంగా విడుదల కాలేదు, కాబట్టి ఎందుకు తీసుకోవాల్నో చెప్పు అని.

"ఏమిరా అల్లుడా, కోర్టే వదిలేసింది గదా, జడ్జి కంటే పెద్దోడా ఆ ఫైలు చూసేటోడు?" అన్నాడు ఆ మామ నోటీసు నా టేబుల్ మీద పెట్టి.

"వదిలేసింది మామా, కానీ మంచోడని రాయలేదంట."

"మంచోడని రాయడానికి అదేమన్నా పెళ్ళి సంబంధమా!"

ఆయన మాట అక్షరాలా నిజం. క్రిమినల్ కోర్టు పని ఒక మనిషి మంచోడా కాదా చెప్పడం కాదు, పెట్టిన కేసు రుజువైందా లేదా చెప్పడం. మరి రుజువు కాలేదని తేల్చినాక కూడా అనుమానం మిగిలుంది అన్నట్టు రాసే అలవాటు యాడ్నుంచి వచ్చింది? దీని వెనక చానా పాత సరుకు ఉంది, యూరప్ లో పోపుల కాలం నాటిది, దాన్ని ఇంగ్లీషులో ఇంక్విజిటోరియల్ ఆలోచన అంటారు. ఈ మాటని లా బుక్కుల్లో ఒక అర్థంలో వాడతారు, మామూలు మనుషులు తిట్టడానికి ఇంకో అర్థంలో వాడతారు, రెండూ కలిసిపోయి గందరగోళం అవుతాది, కాబట్టి ముందు అది విడదీస్తాను.

లా బుక్కుల అర్థంలో ఇంక్విజిటోరియల్ అంటే ఒక కోర్టు పద్ధతి. మన దగ్గర ఉండేది అడ్వర్సేరియల్ పద్ధతి, ఇంగ్లీషోళ్ళు పెట్టిపోయింది. ఒక పక్క పీపీ, అంటే ప్రభుత్వం తరఫు లాయరు, ఇంకో పక్క డిఫెన్స్ లాయరు, ఇద్దరూ వాదించుకుంటారు, జడ్జి మధ్యలో కూర్చుని విని తీర్పు చెప్తాడు. ఫ్రాన్స్, జర్మనీ లాంటి దేశాల్లో అట్లా కాదు, అక్కడ నిజం ఏందో బయటికి తీయాల్సిన బాధ్యత జడ్జి మీదే ఉంటాది, సాక్షుల్ని మొదట అడిగేది జడ్జే, ఫైలంతా ముందుగానే చదివి వస్తాడు. ఇందులో తప్పేం లేదు. జర్మనీలో ప్రాసిక్యూటర్ ముద్దాయికి వ్యతిరేకంగా ఉండేవే కాదు, అనుకూలంగా ఉండే సాక్ష్యాలు కూడా వెతకాలని వాళ్ళ చట్టమే చెప్తాది.

నేను ఇక్కడ మాట్లాడేది ఆ పద్ధతి గురించి కాదు. దాని పుట్టుకలో ఉండిన ఒక మనస్తత్వం గురించి, అది పద్ధతి లేకుండానే వేరే దేశాల కోర్టుల్లోకి, ముఖ్యంగా తీర్పుల భాషలోకి వచ్చి కూర్చుంటాది.

కొంచెం వెనక్కి పోవాలి. 1215లో రోమ్ లో పెద్ద చర్చి సభ ఒకటి జరిగింది. అప్పటిదాకా నేరం చేశాడా లేదా తేల్చడానికి కాలిన ఇనుము పట్టుకోమనడం, నీళ్ళలో ముంచడం లాంటివి చేసేవాళ్ళు, దేవుడే తేలుస్తాడని. ఆ తంతులో పూజార్లు పాల్గొనకూడదని ఆ సభ ఆపేసింది. మంచి పనే. కానీ దేవుడు తప్పుకుంటే ఆ భారం మనిషి మీద పడింది, ఒక జడ్జి సాటి మనిషిని ఉరి తీయాలంటే తప్పు జరగకూడదు కదా, అందుకని రూల్ చానా గట్టిగా పెట్టుకున్నారు, కళ్ళారా చూసినోళ్ళు ఇద్దరన్నా ఉండాలి, లేదంటే ముద్దాయే ఒప్పుకోవాలి. ఒక సాక్షే ఉంటే అది సగం రుజువు. దొంగతనంగా చేసిన నేరానికి ఇద్దరు చూసినోళ్ళు యాడ దొరుకుతారు? అందుకని సగం రుజువు చేతిలో ఉంటే మిగతా సగం కోసం ముద్దాయిని హింసించి ఒప్పించొచ్చు అన్నారు. 1252లో పోపు ఇన్నోసెంట్ 4 మతద్రోహం కేసుల్లో (అవి విచారించే చర్చి కోర్టుని ఇంక్విజిషన్, అందులో జడ్జిని ఇంక్విజిటర్ అంటారు) హింసకి రాతపూర్వకంగానే అనుమతి ఇచ్చినాడు. అంటే గమనించండి, అమాయకుణ్ణి కాపాడటానికి పెట్టుకున్న గట్టి రూలే చివరికి హింసకి దారి తీసింది.

ఇందులో ఇంకో ముచ్చట. హింసలో ఒప్పుకున్నది చెల్లదు, ఆ గదిలోంచి బయటికి తెచ్చినాక మళ్ళీ అడగాల, అప్పుడు స్వచ్ఛందంగా ఒప్పుకున్నట్టు గుమాస్తా రాసుకోవాల. ఒప్పుకోకపోతే? మళ్ళీ లోపలికి తీసుకుపోవచ్చు. ఆ కాగితాల్లో మాత్రం స్వచ్ఛందంగానే అని ఉంటాది.

అనుమానానికి కూడా వాళ్ళు మెట్లు పెట్టినారు, తేలికపాటి అనుమానం, బలమైన అనుమానం, తీవ్రమైన అనుమానం అని మూడు. అనుమానం అనేది రుజువు కాని స్థితి అని మనం అనుకుంటాం, వాళ్ళ లెక్కలో అనుమానమే ఒక రకం నేరం, దానికీ శిక్ష ఉంది. అందరికీ తెలిసిన ఉదాహరణ గెలీలియో. 1633 జూన్ 22న ఆయనకి చెప్పిన తీర్పులో మతద్రోహి అని తేల్చలేదు, మతద్రోహం ఉందని బలంగా అనుమానించదగినవాడు అని తేల్చినారు. ఆ అనుమానానికే ముసలాయన మోకాళ్ళ మీద కూర్చుని తన మాట వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది, 1642లో చనిపోయేదాకా ఇల్లు దాటనీకుండా పెట్టినారు. మన పక్కనే గోవాలో కూడా పోర్చుగీసోళ్ళు ఇదే కోర్టు 1560లో పెట్టినారు, మధ్యలో కొన్నేళ్ళు ఆపినా 1812 దాకా నడిచింది. అక్కడ చెరలో పడిన డెల్లన్ అనే ఫ్రెంచి డాక్టరు తర్వాత రాసుకున్నాడు, ఏ నేరం మీద పట్టుకున్నారో చెప్పకుండా నీ తప్పు నువ్వే ఒప్పుకో అని అడుగుతారని.

చర్చి కోర్టుల బయట మామూలు కోర్టుల్లో కూడా ఈ మెట్ల లెక్క చానా కాలం పోలేదు. యూరప్ లో కొన్నిచోట్ల పందొమ్మిదో శతాబ్దం దాకా ఒక రకం విడుదల ఉండేది, నువ్వు నిర్దోషివి అనరు, ప్రస్తుతానికి పో అంటారు, కొత్త సాక్ష్యం దొరికితే మళ్ళీ పిలుస్తారు. స్కాట్లాండ్ లో అయితే దోషి, నిర్దోషి అనే రెండు తీర్పులతో పాటు రుజువు కాలేదు అని మూడో తీర్పు ఉండేది, వాళ్ళు దాన్ని తీసేయడానికి 2025లో చట్టం చేసుకున్నారు.

మన చట్టంలో మూడో తీర్పు లేదు. క్రిమినల్ కేసులు ఎట్లా నడపాల్నో చెప్పే పాత సీఆర్పీసీలో లేదు, దాని బదులు 2024 జులై 1 నుంచి వచ్చిన బీఎన్ఎస్ఎస్ లోనూ లేదు. దోషి అంటే దోషి, విడుదల అంటే విడుదల. గౌరవంగా విడుదల అనే మాట కూడా చట్టంలో లేదు. 1930ల్లోనే కలకత్తా హైకోర్టు జడ్జి ఒకాయన రాసినాడు, ఈ మాట న్యాయస్థానాలకి తెలియనిది, ఇది మిలిటరీ కోర్టుల్లోంచీ కోర్టులు కాని ట్రిబ్యునళ్ళలోంచీ వచ్చినట్టుంది అని. సుప్రీంకోర్టు కూడా సముత్తిరం కేసులో ఇది చట్టంలో లేని, తీర్పుల్లో పుట్టిన మాట అని ఒప్పుకుంది. ఒప్పుకుని ఏం చేసింది? దాని అర్థం ఏందో చెప్పడం కష్టమంటూనే, ప్రాసిక్యూషన్ సాక్ష్యాలన్నీ పూర్తిగా పరిశీలించినాక కూడా ఆరోపణ రుజువు చేయడంలో ఘోరంగా విఫలమైతే అప్పుడు గౌరవంగా విడుదలైనట్టు చెప్పుకోవచ్చు అంది. ఆ కేసులో పోలీసు ఉద్యోగం పోయినాయనకి సాక్షులు హాస్టైల్ కావడం వల్ల వచ్చిన విడుదల పనికిరాలేదు. 2013లో మెహర్ సింగ్ కేసులో ఢిల్లీ పోలీసు ఉద్యోగానికి ఎంపికైన వాళ్ళ విషయంలో కూడా ఇదే దారి. చట్టంలో లేని మూడో తీర్పు ఇట్లా వెనక తలుపు గుండా వచ్చేసింది.

పోలీసు శాఖ వాదన పూర్తిగా తీసిపారేసేది కాదు, నేను ఒప్పుకుంటా. రేప్ కేసులో బాధితురాలిని భయపెట్టి సాక్షిని మార్చినోడికి లాఠీ ఇస్తే ఎట్లా? యజమానిగా మనిషి నడవడిక చూసుకునే హక్కు శాఖకి ఉంది. 2016లో అవతార్ సింగ్ కేసులో ముగ్గురు జడ్జిల బెంచి ఇదే చెప్పింది, కేసు ఎంత చిన్నది, మనిషి దాచిపెట్టినాడా చెప్పినాడా, నేరం నైతికంగా ఎంత హేయమైంది, ఇవన్నీ చూసి నిర్ణయించుకోవాలని. నా అభ్యంతరం అది కాదు. శాఖ తన కళ్ళతో చూసి నిర్ణయించుకోవాల్సింది పోయి జడ్జిమెంటు ఆఖరి లైన్ లో మూడు ఇంగ్లీషు మాటలు చూసి నిర్ణయిస్తాంది, ఆ జడ్జి గారేమో ఆ మూడు మాటలు అలవాటుగా రాస్తాండారు, నేను అలవాటుగా టైప్ చేసినట్టే. 2023 డిసెంబర్ లో రాజస్థాన్ కానిస్టేబుల్ రామ్ లాల్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి సూటిగా చెప్పింది, బెనిఫిట్ ఆఫ్ డౌట్, గౌరవంగా విడుదల అనేవి మంత్రాలు కావు, తీర్పు లోపల అసలు ఏం తేల్చారో చదవండి అని. ఎనిమిదో తరగతి మార్కుల షీటులో పుట్టిన తేదీ మార్చినాడని ఆయన మీద కేసు, కింద కోర్టులో శిక్ష పడింది, అప్పీలులో బెనిఫిట్ ఆఫ్ డౌట్ అని రాసి వదిలినారు, కానీ తీర్పు మొత్తం చదివితే అసలు ఆరోపణే నిలబడలేదు. ఉద్యోగం తిరిగి ఇవ్వమన్నారు.

జడ్జిలు అట్లా ఎందుకు రాస్తారు అనేది వేరే ప్రశ్న. నా అంచనా ఏందంటే రెండు కారణాలు. ఒకటి అప్పీలు భయం, ప్రాసిక్యూషన్ కథంతా అబద్ధం అని రాస్తే పైకోర్టు ప్రశ్నిస్తాది, అనుమానం మిగిలింది అని రాస్తే ఎవరికీ కోపం రాదు. రెండోది లోపలి మనసు. వీడే చేసి ఉంటాడు గానీ రుజువు లేదు అని జడ్జికి అనిపించినప్పుడు ఆ అనిపించడాన్ని ఎక్కడో ఒకచోట రాయకుండా ఉండలేకపోవడం. ఇంక్విజిటర్ మనసు అంటే ఇదే, తీర్పు చెప్పాల్సింది రుజువు మీద, కానీ చెప్పాలనిపించేది మనిషి మీద. చేసి ఉండొచ్చు అనే దానికీ చేసే ఉండాలి అనే దానికీ మధ్య చానా దూరం ఉందని 1973లో శివాజీ బోబడే కేసులో చెప్పినారు, 1984లో శరద్ శారదా కేసులో అనుమానం ఎంత బలమైందైనా రుజువు స్థానంలోకి రాదని చెప్పినారు. ఈ రెండు కేసులూ కోట్ చేయని జడ్జిమెంటు తక్కువ. కోట్ చేసిన కిందనే అనుమానం మిగిలుంది అని రాస్తారు.

ఇది విడుదలైనోళ్ళ సంగతి. దానికంటే ముందే, అరెస్టు దగ్గర్నుంచే ఈ భాష మొదలవుతాది. రిమాండ్ రిపోర్టు అని ఒకటి ఉంటాది, ముద్దాయిని 24 గంటల లోపల మేజిస్ట్రేటు ముందు పెట్టేటప్పుడు పోలీసులు ఇచ్చే కాగితం. మన పక్క శేషాచలం అడవిలో ఎర్రచందనం కేసులవి చానా చూస్తుంటా, బెయిల్ పిటిషన్ టైప్ చేయించుకోవడానికి లాయర్లు తెస్తారు కదా. మధ్యవర్తుల సమక్షంలో ముద్దాయిని విచారించగా స్వచ్ఛందంగా నేరం ఒప్పుకున్నాడు, తన వెంట వస్తే దుంగలు చూపిస్తానన్నాడు, చూపించాడు, మధ్యవర్తులుగా ఇద్దరు వీఆర్వోలు సంతకం పెట్టారు. పేర్లు, దుంగల లెక్క, బండి నంబరు మారతాయి, మిగతాదంతా ఒకటే. జవ్వాది కొండల పక్కనుంచి వచ్చిన కూలోడు, నోరు తెరిస్తే తమిళం తప్ప రాదు, వాడి కన్ఫెషన్ మాత్రం గడగడా తెలుగులో ఉంటాది, పైగా వ్యాకరణం కూడా తప్పు లేకుండా.

చట్టం ఏమంటుంది? పోలీసుల ముందు ఒప్పుకున్నది సాక్ష్యంగా చెల్లదు. పాత ఎవిడెన్స్ యాక్టులో సెక్షన్ 25, ఇప్పుడు దాని బదులొచ్చిన బీఎస్ఏలో సెక్షన్ 23. ఒక్క మినహాయింపు, ఆ మాటల వల్ల ఏదన్నా వస్తువు దొరికితే, ఆ దొరకడానికి సంబంధించినంత మేరకే ఆ మాటలు చెల్లుతాయి. ఎంత మేరకు అనే గీత గీసింది మన తెలుగు పల్లెల కేసే, పులుకూరి కోటయ్య కేసు, గుంటూరు సెషన్స్ కోర్టు నుంచి మద్రాసు హైకోర్టుకి, అక్కడ్నుంచి అప్పట్లో అన్నిటికంటే పై కోర్టు అయిన లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. దేశంలో ఏ లా కాలేజీలో అయినా ఈ తెలుగు ఇంటిపేరు నోరు తిరగక తంటాలు పడతారు, అది వేరే సంతోషం. అందులో చెప్పింది ఇది. నా ఇంటి కప్పులో దాచిన కత్తి తీసిస్తా, దాంతోనే ఫలానా వాణ్ణి పొడిచినా అని ముద్దాయి చెప్పి కత్తి దొరికిందనుకోండి, కత్తి కప్పులో ఉన్న సంగతి వాడికి తెలుసు అనేంతవరకే చెల్లుతాది, పొడిచినా అనే ముక్క చెల్లదు. ఎందుకు అట్లా గట్టిగా గీసినారు అంటే, ఒక వస్తువు జత చేస్తే చాలు కన్ఫెషన్ మొత్తం చెల్లుతాది అని వదిలేస్తే, ఆ వస్తువు జత చేయించే నేర్పు పోలీసులకి బాగానే ఉంటాదిలే అని ఆ జడ్జిలు 1946 తీర్పులోనే చురక పెట్టినారు.

మరి చెల్లని ముక్క రిమాండ్ రిపోర్టులో ఎందుకు ఉంటాది? చెల్లకపోయినా చదువుతారు కాబట్టి. మేజిస్ట్రేటు చదువుతాడు, పీపీ చదువుతాడు, మరుసటి రోజు పేపర్లో ముసుగులేసి నిలబెట్టిన ఫోటో కింద నేరం ఒప్పుకున్న నిందితులు అని వస్తాది, బెయిల్ కొట్టేసిన ఆర్డర్లో కూడా ముద్దాయి నేరంలో తన పాత్ర వెల్లడించాడు అనే వాక్యం కనబడతాది. ట్రయల్ లో పనికిరాని మాట బెయిల్ దగ్గర పని చేసేస్తాది, బెయిల్ రాక నెలల తరబడి లోపలున్నోడికి ట్రయల్ లో అది చెల్లదు అంటే ఏం ఒరుగుతాది.

బెయిల్ ఆర్డర్లలో నాకు ఇంకా చిరాకు తెప్పించేది విచారణకు సహకరించడం లేదు అనే ముక్క. ముందస్తు బెయిల్ కొట్టేసేటప్పుడు దాదాపు తప్పకుండా ఉంటాది. సహకరించడం అంటే ఏంది? పిలిచినప్పుడు స్టేషన్ కి రావాల, పారిపోకూడదు, సాక్షుల్ని బెదిరించకూడదు, కాగితాలు అడిగితే ఇవ్వాల. అంతవరకు సరే. కానీ చానాచోట్ల అర్థం అది కాదు, అడిగినదానికి వాళ్ళకి కావాల్సిన జవాబు చెప్పలేదు అని. రాజ్యాంగం ఆర్టికల్ 20(3) ఎవరినీ తనకు వ్యతిరేకంగా తను సాక్ష్యం చెప్పమని బలవంతం చేయకూడదంటాది. 2010లో సెల్వి కేసులో నార్కో టెస్టులు బలవంతంగా చేయకూడదన్నది కూడా దీని మీదే. 2017లో సంతోష్ అనే ముద్దాయి కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది, నేరం ఒప్పుకోలేదు కాబట్టి సహకరించలేదు అనడం కుదరదని. 2023లో పంకజ్ బన్సల్ కేసులో ఈడీకి ఇదే చెప్పింది, ఒప్పుకోలు తప్ప ఏది చెప్పినా దాటవేత జవాబు అనే హక్కు మీకు లేదని. ఇప్పుడు ఒకసారి 1633 తీర్పుకి తిరిగి రండి. గెలీలియో తన ఉద్దేశం గురించి పూర్తి నిజం చెప్పినట్టు మాకు అనిపించలేదు కాబట్టి కఠినమైన విచారణ అవసరమనుకున్నాం అని అందులో రాసినారు. ఈ మాట తీసుకొచ్చి ఏ బెయిల్ ఆర్డర్లో అతికించినా ఎవరూ గుర్తుపట్టరు.

ట్రయల్ చివర్లో 313 అని ఒక ఘట్టం ఉంటాది, అది పాత సీఆర్పీసీ సెక్షన్ నంబరు, ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 351. సాక్షులంతా అయిపోయినాక జడ్జి ముద్దాయిని నేరుగా అడుగుతాడు, నీకు వ్యతిరేకంగా ఇట్లా చెప్పినారు, నువ్వేమంటావు అని. ప్రమాణం చేయించరు, అబద్ధం చెప్పినా శిక్ష లేదు, మౌనంగా ఉన్నా సరే. ముద్దాయికి తన మాట చెప్పుకోనిచ్చే అవకాశం ఇది. ఆచరణలో ఎట్లుంటాదంటే ముందుగా టైప్ చేసి పెట్టిన ప్రశ్నలు, పీడబ్ల్యూ 1, అంటే ప్రాసిక్యూషన్ ఒకటో సాక్షి, ఇట్లా చెప్పినాడు, అబద్ధం, పీడబ్ల్యూ 2 ఇట్లా చెప్పినాడు, అబద్ధం, చివర్లో నువ్వేమన్నా చెప్పుకుంటావా, ఏం లేదు. లాయర్లు అట్నే చెప్పమంటారు, అదే క్షేమం. తర్వాత జడ్జిమెంటులో ముద్దాయి కేవలం ఖండించాడు, ఎలాంటి వివరణా ఇవ్వలేదు అని వస్తాది. ఇవ్వకపోవడం వాడి హక్కు కదా. ముద్దాయి అబద్ధపు వివరణని సాక్ష్యాల గొలుసులో అదనపు లింకుగా వాడాలంటే కూడా ముందు ప్రాసిక్యూషన్ గొలుసు తెగకుండా పూర్తై ఉండాలని శరద్ శారదా తీర్పే చెప్పింది. కింద కోర్టుల్లో కొన్నిసార్లు గొలుసులో ఖాళీ ఉన్నచోటనే ఈ లింకు పెట్టేస్తారు.

ఇంక శిక్ష దగ్గరికి వస్తే పశ్చాత్తాపం అనే మాట. ముద్దాయి ముఖంలో పశ్చాత్తాపం లేదు, కాబట్టి కఠిన శిక్ష. పాత చర్చి కోర్టుల్లో మొత్తం లెక్క దీని మీదే ఉండేది, ఒప్పుకుని కన్నీళ్ళు పెట్టుకుంటే ప్రాయశ్చిత్తం, మొండికేస్తే మంట. మన కోర్టులో ఇది పెట్టడంలో చిక్కు ఏందంటే, నేను చేయలేదు అని మొదట్నుంచీ చెప్తున్నోడు పశ్చాత్తాపం చూపించాలంటే ముందు చేశానని ఒప్పుకోవాల, అప్పీలు కూడా ఉండంగానే. నిజంగా చేయనోడు అయితే వాడి ముఖంలో పశ్చాత్తాపం ఎప్పటికీ కనబడదు, అందరికంటే పెద్ద శిక్ష వాడికే పడాల. పైగా ముఖం చూసి ఎట్లా తెలుస్తాది, మూడేళ్ళు జైల్లో ఉండొచ్చినోడి ముఖంలో ఏమీ ఉండదు. పాపం ఒప్పుకుని గుండు కొట్టించుకోవాలంటే మా ఊర్లో కొండ ఉంది, కోర్టు దాకా రానక్కర్లేదు. 2022లో మనోజ్ కేసులో ఉరిశిక్ష వేసే ముందు మానసిక నిపుణుల నివేదిక, జైలు ప్రవర్తన నివేదిక, ఇంటి పరిస్థితులు తెప్పించుకోవాలని సుప్రీంకోర్టు చెప్పింది, ముఖం చదవడం కంటే అది చానా నయం.

ప్రాయశ్చిత్తం పిచ్చి ఎంతవరకు పోయిందంటే 2020లో మధ్యప్రదేశ్ హైకోర్టు ఒక లైంగిక వేధింపు కేసులో బెయిల్ ఇస్తా, ముద్దాయి ఆ బాధితురాలి ఇంటికి పోయి రాఖీ కట్టించుకోవాలని షరతు పెట్టింది. తప్పు చేసినోణ్ణి అన్నగా మార్చేశారు, అదీ నేరం రుజువు కాకముందే. 2021 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఇందులో ముద్దాయికి జరిగిన అన్యాయం కంటే ఆ అమ్మాయికి జరిగింది ఎక్కువ, ఇంక్విజిటర్ మనసుకి బాధితురాలు కూడా కథలో ఒక పాత్రే.

ఇంత చెప్పినాక జడ్జి నోరు మూసుకుని కూర్చోవాలా అని అడగొచ్చు. అక్కర్లేదు, మన చట్టమే జడ్జికి ఏ సాక్షినైనా ఏ ప్రశ్నైనా అడిగే అధికారం ఇచ్చింది, పాత ఎవిడెన్స్ యాక్టు 165, కొత్తగా బీఎస్ఏ 168. 2004లో గుజరాత్ అల్లర్ల నాటి బెస్ట్ బేకరీ కేసులో, జడ్జి మూగ ప్రేక్షకుడిలా కూర్చోవడం వల్లే అన్యాయం జరిగిందని సుప్రీంకోర్టు తిట్టింది. 2003లో క్రిమినల్ కోర్టుల పద్ధతి మార్చడం మీద వేసిన మలిమత్ కమిటీ కూడా యూరప్ పద్ధతిలోంచి కొన్ని మంచివి తెచ్చుకుందామని సిఫార్సు చేసింది, అందులో కొన్నిటితో నాకు పేచీ ఉంది గానీ నిజం వెతకడం జడ్జి బాధ్యత అనే మాటతో లేదు. మనకు జరుగుతున్నది ఏందంటే వాళ్ళ దగ్గరుండే కష్టమైన భాగం, అంటే ముద్దాయికి అనుకూలమైన సాక్ష్యం కూడా వెతకడం, ఫైలు మొత్తం ముందే చదవడం, ప్రశ్నలు అడగడం, ఇవి మనం తెచ్చుకోలేదు. ఎల్‌డబ్ల్యూ 6ని, అంటే ఛార్జిషీటు జాబితాలో ఆరో సాక్షిని, ఎందుకు విచారించలేదు అని పీపీని అడిగే జడ్జిలు తక్కువ, తీర్పులో ముద్దాయి గుణగణాల మీద పేరా రాసేవాళ్ళు ఎక్కువ.

మా మామ కొడుకు విషయానికి లాయరు చెప్పినవి ఇక్కడ పెడతా, ఎవరికన్నా పనికొస్తాయి. కేసు ఇంకా నడుస్తుంటే, రాతపూర్వక వాదనల్లోనే స్పష్టంగా అడగాల, ముద్దాయి అక్కడ ఉన్నట్టు గానీ ఆయుధం పట్టుకున్నట్టు గానీ ఏ సాక్షీ చెప్పలేదు, కాబట్టి ఆ మాట జడ్జిమెంటు కారణాల్లో రాయండి అని, అడగకపోతే టెంప్లేట్ వాక్యమే వస్తాది. తీర్పు వచ్చేసి ఉంటే విడుదలైనోడికి మామూలు అప్పీలు ఉండదు, మరీ అన్యాయమైన వ్యాఖ్యలు ఉంటే వాటిని తీసేయమని హైకోర్టులో బీఎన్ఎస్ఎస్ 528 కింద పిటిషన్ వేసుకోవచ్చు. ఉద్యోగం ఫారంలో కేసు సంగతి దాచబాకండి, కొట్టేశారు కదా అని నో అని టిక్కు పెట్టినోళ్ళకే అవతార్ సింగ్ తీర్పు ఎక్కువ దెబ్బ కొడుతాది. నోటీసుకి జవాబు రాసేటప్పుడు ఆఖరి లైన్ గురించి వాదించకుండా తీర్పు లోపలి పేరాలు ఎత్తి చూపించాల, రామ్ లాల్ తీర్పు జత చేయాల. మామ కొడుకు జవాబు అట్నే టైప్ చేసి ఇచ్చినా, ఏ పేరాలో ఏ సాక్షి ఏమన్నాడో పట్టిక వేసి. ఏ4 పేరు ఒక్క సాక్షి నోట్లోంచి కూడా రాలేదు ఆ తీర్పులో, ఎఫ్ఐఆర్ లో తప్ప.